"కెప్టెన్ చెప్పారు" అని అననివాడే అసలైన సెకండ్

మీరు అడిగింది ఇది. విశాఖలో నలుగురు స్నేహితులు కలిసి, ఒక అంతరిక్ష నౌక కథతో తెలుగులో వెబ్ సిరీస్ రాస్తున్నారు. మొదటి డ్రాఫ్ట్‌లో సెకండ్ ఇన్ కమాండ్, అంటే కెప్టెన్ తర్వాతి అధికారి, "సరే కెప్టెన్" అనడం తప్ప ఏమీ చేయలేదు. రెండో డ్రాఫ్ట్‌లో అతనిచేత తిరుగుబాటు చేయించారు. రెండూ మీకే నచ్చలేదు. టీవీ సైన్స్ ఫిక్షన్‌లో ఈ పాత్ర ఎక్కడ పండింది, ఎందుకు పండింది అన్నది మీ ప్రశ్న.

నేను సరుకు ఓడల్లో పదకొండేళ్ళు చీఫ్ ఆఫీసర్‌గానూ, అంటే కెప్టెన్‌కి సెకండ్‌గానూ, ఆ తర్వాత కెప్టెన్‌గానూ చేసి రిటైరయ్యాను. ఇప్పుడు లాసన్స్ బే కాలనీలో ఉంటున్నాను. చీఫ్ ఆఫీసర్ వాచ్, అంటే కాపలా డ్యూటీ, తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. సాయంత్రం వాచ్ దిగి భోంచేశాక స్మోక్ రూమ్‌లో క్యాసెట్ పెట్టుకుని చూసేవాళ్ళం. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక కథలు చెప్పే స్టార్ ట్రెక్‌తో నా పరిచయం అక్కడే. అందుకని ఈ పాత్రల్ని నేను ఆ ఉద్యోగం చేసినవాడిగానే చూస్తాను.

ముందు ఈ ఉద్యోగం ఏమిటో నాకు అర్థమైన రోజు గురించి చెప్పాలి. చీఫ్ ఆఫీసర్‌గా నా మొదటి ఓడ ఒక బల్క్ క్యారియర్. బొగ్గు దింపేశాం, తర్వాతి రేవులో గోధుమలు ఎక్కించుకోవాలి. బొగ్గు మోసిన హోల్డులో, అంటే ఓడ అడుగున సరుకు నింపే గదిలో, తిండిగింజలు పోయాలంటే గోడలు, ఫ్రేముల వెనక సందులు, హాచ్ కవర్ల అడుగుభాగం, బిల్జి గుంటలు అన్నీ ఉప్పునీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో మళ్ళీ కడిగి, ఆరబెట్టాలి. సర్వేయర్ చేత్తో తడిమి చూస్తాడు. నల్లగా అంటితే అంతే. ఐదు హోల్డులు, నాలుగు రోజుల ప్రయాణం. రాత్రిళ్ళు కూడా పని పెట్టమన్నారు కెప్టెన్. అది కుదరదని నాకు అనిపించింది కానీ ఆయనతో ఆ మాట అనలేదు. డెక్ మీదికి వెళ్ళి అందరినీ పోగేసి, "కెప్టెన్ చెప్పారు, నేనేం చెయ్యను" అన్నాను. నేను వాళ్ళ పక్షమే అనిపించుకోవాలని నా తాపత్రయం.

డెక్ మీద పనివాళ్ళకి పెద్ద అయిన మా సరంగు భీమిలి వైపు మనిషి, మా నాన్న వయసువాడు. ఆ రాత్రి నన్ను పక్కకు పిలిచి అన్నాడు: "సాబు, ఆయన సెప్పినారని మాకు సెప్పకండి. మీరు సెప్తన్నారని సెప్పండి. ఆయన్ని మేం రోజూ సూడం. మిమ్మల్నే సూస్తాం."

పని సాగలేదు. ఎవరూ ఎదురు తిరగలేదు, ఎవరూ మనసు పెట్టలేదు. మూడో హోల్డు సర్వేలో పోయింది. కెప్టెన్ నన్ను క్యాబిన్‌కి పిలిచి, "కుదరదని నీకు ముందే తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. "మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. పైన చెప్పాల్సిన మాటని కింద చెప్పాను. సెకండ్ చేయగల అతి పెద్ద తప్పు అదే. మీ మొదటి డ్రాఫ్ట్‌లో మనిషి పైన ఏమీ చెప్పడు. రెండో డ్రాఫ్ట్‌లో మనిషి అంతా కిందే చెబుతాడు. రెండింట్లోనూ లేనిది ఒక్కటే సీను: తలుపు మూసి కెప్టెన్‌తో మాట్లాడేది.

ఈ విషయాన్ని టీవీలో నేను చూసినంతలో అన్నిటికన్నా సూటిగా చెప్పింది 1993లో వచ్చిన 'గ్యాంబిట్' రెండో భాగం. స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్‌లోది. కెప్టెన్ పికార్డ్ లేడు, అతని సెకండ్ రైకర్ లేడు. నౌక డేటా అనే మరమనిషి చేతికొచ్చింది, అతనికి సెకండ్‌గా క్లింగాన్ అనే వేరే గ్రహ జాతికి చెందిన వార్ఫ్ నిలబడ్డాడు. డేటా ఆచితూచి నిర్ణయాలు తీసుకుంటుంటే వార్ఫ్ అందరి ముందూ అసహనం చూపిస్తాడు. డేటా అతన్ని లోపలి గదిలోకి తీసుకెళ్తాడు. నిర్ణయం జరగకముందు వేరే దారులు చూపించడం నీ పని, నిర్ణయం అయిపోయాక నీకు నచ్చినా నచ్చకపోయినా దాన్ని నడిపించడం నీ పని అంటాడు. రైకర్ ఏనాడూ కెప్టెన్ మీద విసుగును బయట చూపించలేదని గుర్తుచేస్తాడు. కావాలంటే నీ పాత స్థానానికి పోవచ్చు, నీ మీద మచ్చేమీ ఉండదు అని కూడా అంటాడు. వార్ఫ్ తప్పు ఒప్పుకున్నాక, మన స్నేహం ఇక్కడితో పోతే క్షమించమంటాడు డేటా. స్నేహాన్ని ప్రమాదంలో పెట్టింది నేనే అంటాడు వార్ఫ్. తుపాకీ పేలదు, నౌక ఊగదు. ఇద్దరు మనుషులు, కాదు, ఇద్దరిలో ఒక్కరూ మనిషి కాని ఇద్దరు, మూసిన తలుపు వెనక రెండు నిమిషాలు మాట్లాడుకుంటారు. కొత్తగా ప్రమోషన్ వచ్చిన ప్రతి చీఫ్ ఆఫీసర్‌కీ నేను ఈ సీను చూపించేవాణ్ణి.

అంత మెచ్చుకున్న రైకర్ కూడా తడబడ్డాడు. 1992లో వచ్చిన 'చైన్ ఆఫ్ కమాండ్'లో పికార్డ్ స్థానంలో జెల్లికో అనే కొత్త కెప్టెన్ వస్తాడు. వచ్చీరాగానే మూడు షిఫ్టుల పద్ధతి తీసేసి నాలుగు చెయ్యమంటాడు. బయటివాళ్ళకి ఇది చిన్న మాటగా వినిపిస్తుంది. షిఫ్టులు మార్చడమంటే ఎవరు ఎవరి పక్కన నిలబడతారు, ఎవరు ఎప్పుడు నిద్రపోతారు, కొత్తవాడి పక్కన అనుభవం ఉన్నవాడు ఉన్నాడా లేడా అన్నదంతా తిరగరాయడం. రైకర్ ఆ మార్పు చేయకుండా ఆపేస్తాడు. జెల్లికో అడిగితే, విభాగాధిపతులతో మాట్లాడాను, ఇబ్బందులొస్తాయని వాళ్ళంటున్నారు అంటాడు. నేను డెక్ మీద అన్న మాటకి ఇది తిరగేసిన రూపం. నేను కెప్టెన్ వెనక దాక్కున్నాను. రైకర్ సిబ్బంది వెనక దాక్కున్నాడు. "నాకు వద్దనిపిస్తోంది సర్, ఎందుకంటే..." అని అతను తన నోటితో అనుంటే ఆ కథ వేరేగా నడిచేది.

ఆ కథలో తప్పెవరిదని ఇప్పటికీ వాదించుకుంటారు. నా లెక్కలో మొదటి సీనులో తప్పు రైకర్‌ది, ఆ తర్వాత చాలావరకు జెల్లికోది. కారణం చెప్పని కెప్టెన్ దగ్గర సెకండ్ చేతులు కట్టేసినట్టే, ఎందుకంటే కింద చెప్పడానికి అతని దగ్గర ఏమీ ఉండదు. చివరికి జెల్లికో రైకర్‌ని పదవి నుంచి తప్పించి డేటాని సెకండ్‌ని చేస్తాడు. ఆ తర్వాత ప్రాణాల మీదికి తెచ్చే పని ఒకటి పడుతుంది. దానికి నౌకలో అందరికన్నా మంచి పైలట్ కావాలి. ఆ పైలట్ రైకరే. జెల్లికో తనే రైకర్ గదికి వెళ్ళాలి. హోదాలు కాసేపు పక్కన పెడదామంటారు, ఒకరి గురించి ఒకరు ఏమనుకుంటున్నారో మొహం మీదే చెప్పుకుంటారు, తర్వాత రైకర్ ఆ పని చేస్తాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం కలగదు. పని మాత్రం జరుగుతుంది. మీరు రాసేవాళ్ళు కాబట్టి ఇది గమనించండి. సెకండ్‌కి కెప్టెన్ నచ్చక్కర్లేదు.

సరే, తలుపు మూసి చెప్పినా కెప్టెన్ వినకపోతే? అప్పుడు తిరుగుబాటు తప్ప దారి లేదనుకుని మీరు రెండో డ్రాఫ్ట్ రాసుంటారు. దారి ఉంది. 1967లో వచ్చిన పాత స్టార్ ట్రెక్ కథ 'డూమ్స్‌డే మెషిన్' చూడండి. తన ఓడనీ మనుషుల్నీ పోగొట్టుకుని మతి చెదిరిన కమొడోర్ డెకర్, ఎంటర్‌ప్రైజ్ మీదికొచ్చి, హోదాలో పెద్దవాణ్ణి కాబట్టి కమాండ్ నాదంటాడు. ఎంటర్‌ప్రైజ్ కెప్టెన్ కర్క్ ఆ సమయానికి వేరే నౌకలో ఉన్నాడు, అతని సెకండ్ స్పాక్ కుర్చీలో ఉన్నాడు. నియమం డెకర్ పక్షాన ఉంది. డాక్టర్ మెకాయ్ మండిపడతాడు. ఈయన ఆరోగ్యం బాగాలేదని పరీక్షచేసి ధ్రువీకరించగలవా అని స్పాక్ అడుగుతాడు. పరీక్ష చెయ్యలేదు కాబట్టి మెకాయ్ ధ్రువీకరించలేడు. స్పాక్ కుర్చీ ఇచ్చేస్తాడు! చూసేవాడికి ఒళ్ళు మండుతుంది. కానీ స్పాక్ పక్కకి తప్పుకోడు, అక్కడే నిలబడి ఉంటాడు. డెకర్ నౌకని చావు నోట్లోకి నడిపిస్తుంటే, ఆత్మహత్యా ప్రయత్నం చేసేవాడు కమాండ్‌కి పనికిరాడనడానికి అదే రుజువు, మీరు మలుపు ఆర్డర్ ఇవ్వకపోతే ఆ కారణంతోనే మిమ్మల్ని తప్పిస్తాను అంటాడు. డెకర్ మలుపు ఆర్డర్ ఇస్తాడు. ఆ తర్వాత కర్క్‌తో మాట కలిసి, అతను తన సొంత అధికారంతో ఆజ్ఞ ఇచ్చాక, స్పాక్ డెకర్‌ని దింపేస్తాడు.

గొంతు పెంచడు, పిస్తోలు తియ్యడు. నియమాల పుస్తకం అతనికి కంఠతా వచ్చు, అందులో ఏ తలుపుకి ఏ తాళంచెవో తెలుసు. మీ నౌకకి కూడా ఒక నియమాల పుస్తకం రాసుకోండి. రెండు పేజీలు చాలు. కెప్టెన్‌ని ఎవరు, ఏ కారణంతో, ఎవరి సాక్ష్యంతో తప్పించవచ్చో అందులో ఉండాలి. ప్రేక్షకుడికి ఆ నియమం ముందే తెలిసుంటే, సెకండ్ ఊరికే నిలబడ్డ సీనులో కూడా ఉత్కంఠ ఉంటుంది.

మెల్లగా సూచిస్తే చాలదా అంటారేమో. చాలదు. 1977 మార్చి 27న టెనెరిఫే విమానాశ్రయంలో పొగమంచులో రెండు జంబో జెట్లు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది పోయారు. టేకాఫ్‌కి పరుగెడుతున్న విమానం కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజినీర్, ఆ రెండో విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయలేదా అని అనుమానంగా అడిగాడు. ఎంతో అనుభవమున్న కెప్టెన్, ఖాళీ అయింది అన్నట్టు గట్టిగా జవాబిచ్చాడు. ఇంజినీర్ మళ్ళీ అడగలేదు. ఇలాంటి ప్రమాదాలు చూసే 1979లో నాసా ఒక వర్క్‌షాప్ పెట్టింది. కాక్‌పిట్‌లో చిన్నవాడు పెద్దవాడిని నిలదీయడం నేర్పే శిక్షణ అక్కణ్ణుంచి పెరిగింది. అదే తర్వాత బ్రిడ్జి రిసోర్స్ మేనేజ్‌మెంట్ పేరుతో మా ఓడలకీ వచ్చింది. బ్రిడ్జి అంటే ఓడని నడిపే పై గది. డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి ఇన్నర్ హార్బర్ ఛానెల్‌లోకి ఓడ తిప్పుతున్నప్పుడు, దారి చూపే రేవు పైలట్ ఆర్డరేదో తేడాగా వినిపిస్తే, థర్డ్ ఆఫీసర్ కుర్రాడు కూడా అందరికీ వినపడేలా అడగాలని నేర్పిస్తారు. అంటే మూసిన తలుపు నియమానికి ఒక మినహాయింపు ఉంది. తలుపు వెయ్యడానికి సమయం లేనప్పుడు అక్కడే, పైకే చెప్పాలి. ఏది ఏ సందర్భమో పోల్చుకోగలగడమే మీ సెకండ్‌కి ఉండాల్సిన తెలివి.

ఇక నాకు అందరికన్నా ఇష్టమైన సెకండ్. కొత్త బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా అనే మరో అంతరిక్ష సిరీస్‌లోని సాల్ టై. తాగుబోతు, నోటి దురుసు, ఎవరికీ ఇష్టంలేని మనిషి. 2003లో వచ్చిన మొదటి మినీ సిరీస్‌లోనే అతని పరీక్ష వస్తుంది. నౌకలో మంటలు ఇంధనం వైపు పాకుతున్నాయి. ఆ గదులు మూసేసి గాలి బయటికి వదిలేస్తేనే మంటలు ఆరతాయి, కానీ లోపల మనుషులున్నారు. చీఫ్ టిరోల్ ఒక్క నిమిషం ఆగమని బతిమాలతాడు. టై ఆగడు. 85 మంది చనిపోతారు, నౌక బతుకుతుంది. ఓడలో మంట లేచినప్పుడు హోల్డు మూసి కార్బన్ డయాక్సైడ్ వదిలే డ్రిల్ మేం ఎన్నిసార్లు చేశామో లెక్కలేదు. వదిలేముందు తలలు లెక్కపెట్టాలి. ఆ లెక్క తక్కువొస్తే ఏం చేస్తావని ప్రతి డ్రిల్‌లోనూ నన్ను నేను అడుక్కునేవాణ్ణి. టై ఆ ప్రశ్నకి జవాబిచ్చి, ఆ జవాబుతో బతుకుతాడు.

అదే టై, నౌక అధిపతి అడామా తూటా తగిలి పడిపోయాక కుర్చీలో కూర్చుంటే అంతా చెడుతుంది. మార్షల్ లా పెడతాడు, అతని సైనికులు సామాన్య జనం మీద కాల్పులు జరుపుతారు. ఒక మనిషి ఒకేసారి గొప్ప సెకండూ పనికిరాని కెప్టెనూ కావచ్చని చెప్పడానికి ఆ రచయితలకి ధైర్యం ఉంది. మనం ప్రతి సెకండ్‌నీ రేపటి కెప్టెన్‌లా రాస్తాం. ఓడల్లో జీవితాంతం చీఫ్ ఆఫీసర్లుగానే ఉండిపోయిన అద్భుతమైన మనుషుల్ని నేను చూశాను. వాళ్ళకి కుర్చీ అక్కర్లేదు, కుర్చీలో ఉన్నవాణ్ణి నిలబెట్టడమే వాళ్ళకి తృప్తి.

మిగతావాళ్ళ గురించి త్వరగా చెప్తాను. స్టార్ ట్రెక్‌లోనే ఇంకో సిరీస్ డీప్ స్పేస్ నైన్‌లో కిరా సొంత జాతికీ తన పై అధికారి సిస్కోకీ మధ్య నలుగుతుంది. మొదటి రోజుల్లో అతన్ని దాటి అడ్మిరల్ దగ్గరికే వెళ్తుంది, సిస్కో గట్టిగా హెచ్చరిస్తాడు. నమ్మకం సంపాదించుకోవడానికి ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళే ఆ సిరీస్. ఫైర్‌ఫ్లై అనే సిరీస్‌లో జోయి, తన పాత యుద్ధ సహచరుడూ ఇప్పటి కెప్టెనూ అయిన మాల్‌ని "సర్" అనే పిలుస్తుంది. శత్రువు ఆమె భర్తనీ కెప్టెన్‌నీ చూపించి ఒకర్ని ఎంచుకోమంటే, మాట పూర్తికాకముందే భర్తని ఎంచుకుంటుంది, తర్వాత కెప్టెన్ కోసం తిరిగొస్తుంది. మరో స్టార్ ట్రెక్ సిరీస్ వాయేజర్‌లో చకోటే మాత్రం నాకు బాధ. శత్రుపక్షం నుంచి వచ్చి సెకండ్ అయిన మనిషి! ఎంత బలమైన మొదలు! కొద్ది కథల్లోనే ఆ వైరం చల్లారిపోయింది.

ఆడమనిషి సెకండ్ అన్నది కొత్త ఊహ కాదు. స్టార్ ట్రెక్ మొదటి పైలట్ ఎపిసోడ్‌లోనే (ఛానెల్‌కి చూపించే నమూనా కథలో) నటి మేజెల్ బారెట్ 'నంబర్ వన్'గా కనిపించింది. ఆ ఎపిసోడ్‌ని ఛానెల్ తిప్పికొట్టింది, పాత్ర పోయింది, ఆమెలోని చలించని తత్వం స్పాక్‌కి వచ్చింది. 2022లో స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్ అనే స్టార్ ట్రెక్ సిరీస్‌తో ఆ నంబర్ వన్ పూర్తిస్థాయిలో తిరిగొచ్చింది. మీ రెండు డ్రాఫ్టుల్లోనూ సెకండ్ మగవాడే. ఒకసారి మార్చి చూడండి.

ఇంకొకటి, ప్రమాదమున్న చోటికి ఎవరు వెళ్ళాలి? ఓడ రేవులోకి వస్తున్నప్పుడు ముందుభాగంలో లంగరు దగ్గర నిలబడేది చీఫ్ ఆఫీసర్, కెప్టెన్ బ్రిడ్జిని వదలడు. పాత స్టార్ ట్రెక్‌లో కర్క్, స్పాక్ ఇద్దరూ కిందికి దిగిపోతుంటే నాకు కంగారుగా ఉండేది. నెక్స్ట్ జనరేషన్ దాన్ని సరిచేసింది. తన పాత కెప్టెన్‌ని ప్రమాదకరమైన గ్రహం మీదికి దిగనివ్వలేదన్న సంగతి రైకర్ రికార్డులో ఉంటుంది, మొదటి కథలోనే పికార్డ్ దాని గురించి అతన్ని నిలదీస్తాడు. కెప్టెన్‌ని కాపాడటానికి కెప్టెన్‌కే అడ్డుపడటం. పాత్ర పరిచయానికి ఇంతకన్నా మంచి సీను నాకు తెలీదు.

మీరు విశాఖలోనే ఉన్నారు కాబట్టి ఒక పని చెయ్యండి. ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామిలోకి వెళ్ళండి. చిన్నప్పుడు చూసుంటారు, ఇప్పుడు రాసేవాళ్ళుగా చూడండి. 91 మీటర్ల పొడవు, అందులో డెబ్బై మందికి పైగా మనుషులు. గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరుతూ కంట్రోల్ రూమ్ దాకా వచ్చి ఆగండి. కెప్టెన్ పడుకునే చోటు అక్కణ్ణుంచి ఎంత దూరమో చూడండి. అక్కడ గుసగుసలాడినా పదిమందికి వినిపిస్తుంది. ఎంటర్‌ప్రైజ్‌లో లోపలి గది ఉంది కాబట్టి డేటా, వార్ఫ్‌ని అక్కడికి తీసుకెళ్ళాడు. మీ నౌకలో తలుపే లేకపోతే మీ సెకండ్ ఎక్కడ మాట్లాడాలి? కళ్ళతోనా? చార్టు మీద పెన్సిల్‌తో ఒక గీత గీసా? "టీ తాగుదామా సర్" అన్న మాటే ఆ ఇద్దరి మధ్య సంకేతమా? సెట్ గీసుకునే ముందే ఇది తేల్చుకోండి.

చివరిగా, ఇంగ్లీషు సిరీస్‌లకి లేనిది మీకొకటి ఉంది. వాళ్ళకి పిలుపు ఒక్కటే. మనకి నువ్వు ఉంది, మీరు ఉంది. టై, అడామా ముప్పై ఏళ్ళ స్నేహితులు. ఆ కథ తెలుగులో రాస్తే బ్రిడ్జి మీద "మీరు", గదిలో గ్లాసుల ముందు "నువ్వు". తలుపు మూయగానే సర్వనామం మారితే ఒక పేజీ సంభాషణ ఆదా అవుతుంది. ఎప్పుడూ "నువ్వు" అనేవాడు గదిలో కూడా "మీరు" అన్నాడంటే ఏదో తెగిపోయిందని ప్రేక్షకుడికి చెప్పక్కర్లేదు. సెకండ్ వయసులో పెద్దవాడైతే ఇంకా చిక్కు, ఇంకా అందం. రాయలు తిమ్మరుసుని అప్పాజీ అనేవాడని మన పిల్లలకి కూడా తెలుసు. అలాంటి కెప్టెన్ ఒకరోజు బ్రిడ్జి మీద అందరి ముందూ ఆ పిలుపు మానేసి హోదాతో పిలిచాడనుకోండి. పెద్దాయన "ఎస్ సర్" అని తిరిగి, కింద నిలబడ్డవాళ్ళతో ఆ ఆర్డర్‌ని తన సొంత మాటగా చెప్పాలి. ఆయన గొంతులో ఏమీ వినిపించకూడదు. ముందు ఆ సీను రాయండి, మూడో డ్రాఫ్ట్ అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.